జేజి చీర రంగు

మా వయసు వాళ్లకు స్లయిడ్ అంటే మొదట గుర్తొచ్చేది సినిమా హాలు. నంద్యాలలో ఏ హాలుకు పోయినా ఇంటర్వెల్‌లో బట్టల అంగళ్లు, నగల అంగళ్ల ప్రకటనలు తెర మీద రంగురంగుల అద్దం పలకల్లా వచ్చిపోయేవి. ఇంట్లో ఉండే స్లయిడ్ వేరు. అట్ట చట్రంలో బిగించిన ఫిల్ము ముక్క, అగ్గిపెట్టె కన్నా చిన్నది. కిటికీ వైపు పట్టుకొని ఒక కన్ను మూసి చూడాలి. మా పుట్టింట్లో, ఆళ్లగడ్డలో, అలాంటివి ఒక డబ్బా నిండా ఉన్నాయి.

అవి అక్కడికి ఎట్లా వచ్చాయంటే, కర్నూలు మెడికల్ కాలేజీ 1957లో మొదలైంది. 1965లో అమెరికా వలస చట్టం మార్చాక మన డాక్టర్లు చాలామంది ఆ దారి పట్టారు. మా చిన్నాయన వాళ్లలో ఒకడు. 1974లో సెలవుకు వచ్చినప్పుడు మెడలో కెమెరా, అందులో కొడాక్రోమ్ రీలు. కొడాక్ ఆ ఫిల్మును 1935లో సినిమాల కోసం తెచ్చి, మరుసటి ఏడు మామూలు కెమెరాలకూ ఇచ్చింది. దాన్ని కడగడం చిన్న స్టూడియోల వల్ల అయ్యే పని కాదు. రీలు చిన్నాయనతోనే వెనక్కి పోయింది. నెలల తర్వాత, ఊరికి వచ్చేవాళ్లెవరో స్లయిడ్ల డబ్బా తెచ్చిచ్చారు. అట్టల మీద నెల, సంవత్సరం ముద్ర ఇప్పటికీ కనిపిస్తుంది.

మరుసటి ఏడు జేజి పోయింది. ఆమెకు ఉన్న ఫోటో ఆ స్లయిడ్ ఒక్కటే.

గోడకు పటం కావాలి. చిక్కు ఎక్కడంటే, మామూలు ఫోటో కాగితం నెగటివ్ కోసం తయారైంది. నెగటివ్‌లో నలుపు కాగితం మీద తెలుపవుతుంది. స్లయిడ్‌లో బొమ్మ ముందే సరిగా ఉంటుంది కాబట్టి, నేరుగా అచ్చు తీస్తే అన్నీ తలకిందులు. అందుకని నంద్యాల స్టూడియో అతను స్లయిడ్‌ను బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద మళ్లీ ఫోటో తీసి, ఆ నెగటివ్ నుంచి ముఖం మటుకు పెద్దది చేసి ఇచ్చాడు. తప్పేమీ లేదు, చక్కటి పనే. పటానికి బొట్టు పెట్టి దండ వేశారు. చీర మాత్రం బూడిద రంగు.

ఆ చీర మీద మా ఇంట్లో పదేళ్లు వాదన నడిచింది. అమ్మ చిలకపచ్చ అనేది, మా అత్త కనకాంబరం అనేది. స్లయిడ్ చూస్తే తేలిపోయేదే. కానీ ఆ డబ్బా మగవాళ్ల బీరువాలో, తాళం లోపల.

నేరుగా స్లయిడ్ నుంచి రంగుల అచ్చు తీసే కాగితం లేకపోలేదు. స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో సీబా అనే రంగుల కంపెనీ 1963లో సీబాక్రోమ్ తెచ్చింది. దాని కిటుకు 1930లలోనే బేలా గాస్పార్ అనే హంగరీ రసాయన శాస్త్రవేత్త సినిమా ఫిల్ము కోసం కనిపెట్టినది. మామూలు రంగు కాగితంలో రంగు కడిగేటప్పుడు పుడుతుంది. ఇందులో ముందే మూడు పొరల్లో నిండా ఉంటుంది. వెలుగు పడినచోట వెండి ఏర్పడుతుంది, ఆమ్లం కలిసిన బ్లీచ్‌లో వేస్తే ఆ వెండి ఉన్నంతమేర రంగు పోతుంది. రంగు చీర మీద బ్లీచింగ్ నీళ్లు చిలికితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా! అదే పని, కొలత ప్రకారం.

1980ల చివర్లో చిన్నాయన అమెరికాలో తన స్నానాలగదిలోనే ఈ పని చేశాడు. కాగితం పెట్టెలోంచి తీసి డ్రమ్ములో చుట్టేదాకా కటిక చీకటి, ఎర్రబల్బు కూడా పనికిరాదు. తర్వాత డెవలపర్, బ్లీచ్, ఫిక్సర్, కడుగుడు, ఒక్కోటి దాదాపు 3 నిమిషాలు, నీళ్లు 24 డిగ్రీల దగ్గర. మన మే నెలలో ట్యాంకు నీళ్లతో అయ్యే పనేనా! లెక్క కూడా తిరగబడుతుంది: ఎక్కువసేపు వెలుగు చూపిస్తే అచ్చు తేలిపోతుంది, స్లయిడ్ మీద దుమ్ము నల్లచుక్కై కూర్చుంటుంది. వాడిన బ్లీచ్‌ను విరిచిగాని తూములో పోయకూడదు. మా చిన్నమ్మ చెప్పే చరిత్ర ఇంకోటి: రెండు రోజులు పిల్లలకు స్నానాల్లేవు, ఇల్లంతా ఆమ్లం కంపు, నాలుగు ఖరీదైన కాగితాలు చెత్తబుట్టలో.

అయిదోది ఆళ్లగడ్డకు వచ్చింది. నేను అప్పుడు చిన్నపిల్లను. అద్దంలా మెరిసే అచ్చు. చీర వంకాయ రంగు. అమ్మా ఓడింది, అత్తా ఓడింది.

అయితే అందరూ చీర చూస్తుంటే అమ్మ మూల చూస్తోంది. స్టూడియో అతను ముఖం మటుకే తీసుకున్నాడని చెప్పాను కదా. చిన్నాయన మొత్తం తీశాడు. జేజి వెనుక వాకిట్లో, చేతిలో చెంబుతో, సగం తలుపు చాటున కొత్తకోడలు. పెళ్లిలో తీసిన గుంపు ఫోటో తప్ప ఆ వయసులో అమ్మకు ఇంకో బొమ్మ లేదు. పదిహేనేళ్లు ఆమె ఆ బీరువాలోనే ఉంది. "నా చేతికి అన్ని గాజులుండేవా," అని మాత్రం అంది.

సీబాక్రోమ్ తర్వాత ఇల్ఫోక్రోమ్ అయి, 2010ల మొదట్లో తయారీ ఆగిపోయింది. కొడాక్రోమ్ కడిగే చివరి ల్యాబు, కాన్సాస్‌లోని పార్సన్స్ ఊళ్లోది, 2010 డిసెంబరు 30తో రీళ్లు తీసుకోవడం మానేసింది. ఇప్పుడు స్కానింగే దారి. మా డబ్బాలో కొడాక్రోమ్‌లు చీకట్లో ఉండటం వల్ల నిన్న తీసినట్టున్నాయి. పక్కన పెట్టిన పాత ఎక్టాక్రోమ్‌లు ఎర్రబడిపోయాయి, చీర రంగులతో ఆడవాళ్లను గుర్తుపట్టే వీలు పోయింది. అమ్మ ఒక్కోటీ కిటికీకి పట్టి పేర్లు చెబుతోంది, నేను అట్టల మీద పెన్సిల్‌తో రాస్తున్నా. నిన్నటికి 19 అయ్యాయి.