తొలినాటి కలర్ టీవీ, మళ్లీ రాని ఆకుపచ్చ

1954 మార్చి 25న అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్ ఫ్యాక్టరీలో ఆర్‌సీఏ కంపెనీ సీటీ-100 అనే కలర్ టీవీ తయారీ మొదలుపెట్టింది. ధర 1000 డాలర్లు. బ్లాక్ అండ్ వైట్ సెట్టు 200 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతున్న రోజులవి. చెక్క పెట్టె చూస్తే మనిషి నడుమెత్తు, బొమ్మ చూస్తే 12 అంగుళాల వెడల్పు కూడా లేదు. ఆగస్టుకల్లా ధర 495 డాలర్లకు దించేశారు. మొత్తం మీద 5000 సెట్లయినా చేయలేదు. వ్యాపారం లెక్కన అది ఓటమే. అయినా పాత కలర్ టీవీలు సేకరించి బాగుచేసేవాళ్ల కళ్లన్నీ దీని మీదే.

మొదటిది కాబట్టి అందామంటే, అమ్మకానికి వచ్చినవాటిలో ఇది మొదటిది కాదు. వెస్టింగ్‌హౌస్ సెట్టు కొన్ని వారాల ముందే న్యూయార్క్ దుకాణాల్లోకి వచ్చింది, 1295 డాలర్లకు. రెండింటి లోపలా ఉన్నది మాత్రం ఒకే రకం పిక్చర్ ట్యూబు. ఆ ట్యూబు చూపించే ఆకుపచ్చ తర్వాతి తరం టీవీల్లో లేదు. ఈ పెట్టెలను బతికించుకోవడానికి నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం అదే.

రంగుల ప్రసారం అంతకుముందే ఒకసారి మొదలై ఆగిపోయింది. సీబీఎస్ అనే ప్రసార సంస్థలో పీటర్ గోల్డ్‌మార్క్ అనే ఇంజనీరు ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఫిల్టర్లు బిగించిన చక్రాన్ని తెర ముందు తిప్పి రంగు బొమ్మ చూపించాడు. నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1950లో దానికి అనుమతి ఇచ్చింది, 1951 జూన్‌లో ప్రసారాలు మొదలయ్యాయి. చిక్కల్లా ఒకటే: అప్పటికే జనం ఇళ్లలో ఉన్న లక్షల కొద్దీ బ్లాక్ అండ్ వైట్ సెట్లలో ఆ ప్రసారం అసలు కనిపించదు. కొరియా యుద్ధపు సామగ్రి ఆంక్షల పేరుతో అక్టోబరులో అది ఆగింది, మళ్లీ లేవలేదు. పద్ధతి మాత్రం వృథా పోలేదు. అపోలో యాత్రల్లో కలర్ కెమెరాలు వాడింది ఈ తిరిగే చక్రం పద్ధతినే.

ఆర్‌సీఏ అధినేత డేవిడ్ సార్నాఫ్ పట్టుబట్టింది వేరే దారికి. కొత్త ప్రసారం పాత సెట్టులోనూ కనిపించాలి. అందుకోసం సిగ్నల్‌లో వెలుతురునూ రంగునూ విడదీశారు. బ్లాక్ అండ్ వైట్ సెట్టు వెలుతురు భాగం తీసుకుని ఊరుకుంటుంది, కలర్ సెట్టు రెండూ తీసుకుంటుంది. రంగు భాగం శబ్దపు సిగ్నల్‌తో కలబడి బొమ్మ మీద గీతలు రాకుండా ఫ్రేముల వేగాన్ని సెకనుకు 30 నుంచి 29.97కు తగ్గించారు. నేటికీ వీడియో కెమెరాల సెట్టింగుల్లో కనిపించే 29.97 అక్కడి నుంచి వచ్చిందే. 1953 డిసెంబరు 17న ఈ పద్ధతికి ఆమోదం దొరికింది. పదిహేను రోజులకే, జనవరి 1న పాసడీనాలో జరిగే రోజ్ పరేడ్ ఊరేగింపును ఎన్‌బీసీ అనే ప్రసార సంస్థ దేశమంతటా రంగుల్లో చూపింది.

ఇక ట్యూబు. దాని పేరు 15జీపీ22. వెనక మూడు ఎలక్ట్రాన్ గన్నులు, ముందు సన్నటి రంధ్రాల లోహపు రేకు, దాని ముందు మూడు రంగుల చుక్కలు అద్దిన పలక. తర్వాతి ట్యూబుల్లో ఈ చుక్కలను ముందరి గాజు లోపలి వైపునే వేశారు. ఇందులో మాత్రం గాజుకు వెనగ్గా, అద్దం కట్టించిన ఫొటోలా విడిగా నిలబడి ఉంటుంది ఆ పలక. 1954 చివరికే ఆర్‌సీఏ 21 అంగుళాల ట్యూబుకు మారిపోవడంతో 15జీపీ22 ఏడాది తిరగకుండానే పాతబడింది.

15జీపీ22 చుక్కల్లోని ఆకుపచ్చ పొడి, మాంగనీసు కలిపిన జింక్ సిలికేట్. చాలా చిక్కటి, శుద్ధమైన పచ్చ. ఎరుపు కూడా లోతైనదే. కానీ బొమ్మ మసక. దీపాలు వేసిన గదిలో తేలిపోయేది. దుకాణాల్లో కావలసింది వెలుగు కాబట్టి 1960ల మొదట్లో ఇంకా ప్రకాశవంతమైన పచ్చ పొడులు వచ్చాయి, 1964లో యూరోపియంతో చేసిన ఎరుపు వచ్చింది. తెర వెలిగింది, పచ్చ పలచబడి పసుపు వైపు జరిగింది. 1982లో స్వాతంత్ర్య దినోత్సవంతో, ఆపై ఢిల్లీ ఆసియా క్రీడలతో మన దూరదర్శన్ రంగుల్లోకి వచ్చే వేళకు ఎక్కడ చూసినా కొత్త పొడులే. చిత్రలహరి పాటల్లో మనం చూసిన పొలాల పచ్చదనం కూడా వాటిదే.

సీటీ-100ను బాగుచేయడం ఎక్కడ మొదలవుతుందంటే, ట్యూబులో ఇంకా శూన్యం మిగిలి ఉందా అన్న ప్రశ్న దగ్గర. 15జీపీ22లో గాజు, లోహం కలిసే అతుకు ఏళ్ల తరబడి సన్నగా గాలి పీలుస్తుంది. వాడకుండా అటక మీద దాచిన ట్యూబు కూడా అలాగే చచ్చిపోతుంది. గాలి చొరబడిన ట్యూబులో లోపలి వెండి రంగు పూత పాల తెలుపుకు తిరుగుతుంది. ట్యూబు బాగుంటే మిగతాది ఓపిక పని. మైనం పూసిన పాత కాగితపు కెపాసిటర్లన్నీ మార్చాలి. తొందరపడి ప్లగ్గు పెడితే ఎక్కడా దొరకని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఆపైన మూడు కిరణాలనూ తెరంతటా ఒకే చోట కలిపే సర్దుబాటు. ఇది భూమి అయస్కాంతానికి కూడా లొంగుతుంది. సెట్టు ముఖం తిప్పి పెడితే రంగులు చెదురుతాయి, మళ్లీ మొదటి నుంచి సర్దాలి.

ట్యూబు పోయిందంటే మన మెకానిక్‌లు కూడా చేతులెత్తేసేవారు. కానీ మెడ కోసి, కొత్త గన్ను పెట్టి, కొలిమిలో వేడిచేస్తూ గాలి లాగేసి మూసే విద్య ఒకటుంది. ఆ పని చేసిన హాక్‌ఐ అనే సంస్థ అయోవా రాష్ట్రంలో 2010 ప్రాంతంలో మూతపడింది. దాని యంత్రాలు ఒహాయోలోని హిలియార్డ్‌లో ఉన్న ఎర్లీ టెలివిజన్ మ్యూజియానికి చేరాయి. యంత్రాలను దక్కించుకోవడం ఎంత అవసరమో, వాటి మీద చేయి తిరిగినవాళ్ల దగ్గర ఆ పని నేర్చుకోవడమూ అంతే అవసరం. పుస్తకం చదివి రాని పని అది.

అన్నీ కుదిరి ట్యూబు వెలిగినా, ఏం చూపించాలన్నది ఇంకో ప్రశ్న. అమెరికాలో పెద్ద స్టేషన్ల పాత అనలాగ్ పద్ధతి ప్రసారాలు 2009 జూన్ 12న ఆగిపోయాయి. ఇప్పటి డీవీడీ ప్లేయరును అడాప్టర్‌తో కలిపితే బొమ్మ వస్తుంది కానీ రంగులు మితిమీరి కనిపిస్తాయి. ఆ డిస్కులోని రంగులు తర్వాతి పొడుల లెక్కకు కట్టినవి. వాటిని 1953 లెక్కకు మార్చి ఇవ్వాలి. మార్చే పని లేనివి ఆనాటి అసలు రికార్డింగులే. మనకు తెలిసినంతలో మిగిలిన కలర్ వీడియో టేపుల్లో అన్నిటికన్నా పాతది 1958 మే 22 నాటిది, వాషింగ్టన్‌లో ఎన్‌బీసీ స్టేషన్ ప్రారంభోత్సవానికి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వచ్చినప్పుడు తీసింది. ఆ కెమెరాలు ఎలాంటి తెరను ఉద్దేశించి తీశాయో తెలియాలంటే 15జీపీ22 మీదే చూడాలి.