మార్కో పోలో పాస్తా తేలేదు, మా అవ్వ శావిగలకు పేరు రాలేదు

ఈ రోజు ఎపిసోడ్ ఒక హోటల్ బిల్లుతో మొదలుపెడదాం.

పోయిన నెల హైదరాబాద్‌లో ఫ్రెండ్స్‌తో కలిసి ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌కి పోయినా. అక్కడ స్పెషల్ ఏందంటే ఫ్రెష్ పాస్తా. ప్యాకెట్‌లోది కాదు, అప్పటికప్పుడు పిండి కలిపి చేస్తారు. అద్దం వెనకాల ఒకతను పిండిముద్దను పలచగా వత్తి, రిబ్బన్ల మాదిరి కోసి, కొయ్య కడ్డీల మీద ఆరేస్తున్నాడు. అందరూ ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. నేనూ తీసినా. తీస్తా తీస్తా ఆగిపోయినా. ఎందుకంటే ఈ సీన్ నాకు కొత్త కాదు. కోడుమూరులో మా అవ్వ ప్రతి ఎండాకాలం మిద్దె మీద ఇదే పని చేసేది. ప్లేటు 650 రూపాయలు అని బిల్లులో చూసినాక ఇంకా గట్టిగా గుర్తొచ్చింది. అవ్వను మాత్రం ఎవ్వరూ వీడియో తీయలేదు. నేను కూడా తీయలేదు.

సరే, చరిత్రలోకి పోదాం. పాస్తా అనగానే మనం వినే కథ ఒకటుంది. మార్కో పోలో చైనా నుంచి నూడుల్స్ పట్టుకొచ్చి ఇటలీ వాళ్ళకు నేర్పించాడని. ఇది అబద్ధం. మార్కో పోలో వెనిస్ తిరిగి చేరింది 1295లో. కానీ 1279లోనే జెనోవాలో ఒక సైనికుడి ఆస్తి జాబితాలో ఒక బుట్టెడు మకరోనీ అని నోటరీ రాసిపెట్టాడు. ఆస్తిలో లెక్క కట్టినారంటే అది ఎండబెట్టి దాచుకున్న సరుకే అయ్యుండాలి. ఇంకా వెనక్కి పోతే 1154లో అల్ ఇద్రీసీ అనే అరబ్ భూగోళ శాస్త్రవేత్త, సిసిలీలో పలెర్మో దగ్గర ట్రాబియా అనే ఊళ్ళో పిండితో దారాల మాదిరి చేసి ఓడల్లో ఎగుమతి చేస్తున్నారని రాశాడు. దాని పేరు ఇత్రియ్యా. మార్కో పోలో కథను బాగా వ్యాపింపజేసింది 1929లో అమెరికా మకరోనీ వ్యాపారుల పత్రికలో వచ్చిన ఒక కథనం.

అదే మార్కో పోలో మన గురించి రాసింది మాత్రం ఉంది. మోటుపల్లి రేవు గురించి, ఆ రాజ్యాన్ని ఏలిన రాణి గురించి రాశాడు. ఆ రాణి రుద్రమదేవే అంటారు చరిత్రకారులు.

మరి శావిగలు? మనోళ్ళు కొందరు సేమ్యా అంటారు, సేవెలు అంటారు. మా వైపు కన్నడ దేశం దగ్గర కాబట్టి శావిగలు అంటాం. 1025లో చావుండరాయ అనే ఆయన కన్నడంలో లోకోపకారం అనే పుస్తకం రాశాడు. వ్యవసాయం, వంట, బావుల తవ్వకం అన్నీ ఉంటాయి అందులో. శావిగ చేసే పద్ధతి, దాన్ని ఒత్తే సాధనం గురించి కూడా ఉంది. లెక్క చూడండి, ట్రాబియా కంటే వందేళ్ళకు పైగా ముందు. అంటే ఇటలీ మన దగ్గర నేర్చుకుందని కాదు. అట్లాంటి ఫార్వర్డ్ మెసేజ్ దయచేసి తయారు చేయొద్దు. గోధుమ, నీళ్ళు, ఎండ ఉన్న చాలా చోట్ల మనుషులకు ఇలాంటి ఆలోచనే వచ్చింది. అంతే.

ఇప్పుడు గోధుమ సంగతి. పాస్తాలో రెండు దారులున్నాయి. దక్షిణ ఇటలీలో డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వ, నీళ్ళు కలిపి చేసి ఎండబెడతారు. ఎండు పాస్తా డ్యూరమ్‌తోనే చేయాలని అక్కడ 1967లో చట్టమే వచ్చింది. ఉత్తరాన బొలోన్యా వైపు మెత్తటి గోధుమ పిండిలో గుడ్లు కలిపి, పచ్చిగా ఉండగానే వండుతారు. నేను తిన్నది ఈ రెండోది. డ్యూరమ్ అంటే ఏదో విదేశీ వస్తువు అనుకోవద్దు. మన కిరాణా కొట్లో దొరికే బన్సీ రవ్వ ఆ జాతి గోధుమదే.

కానీ మా వైపు గోధుమ తక్కువ. హంద్రీలో నీళ్ళు కనపడేదే వానలొచ్చినప్పుడు. రోజూ తిండి జొన్నరొట్టె, కొర్రన్నం, సంగటి. అందుకే శావిగలు పండగకో, పెళ్ళికో, అల్లుడు వస్తేనో. గోధుమలు తడిపి, ఆరబెట్టి, విసిరి, సన్నటి బట్టలో జల్లించి, ఆ పిండిని నీళ్ళతో పిసికి పిసికి సాగేదాకా తేవాలి. అప్పుడు చేత్తో సాగదీసి దారాలు తీసేవాళ్ళు. తర్వాత మంచం పట్టెకు బిగించి తిప్పే మిషన్ వచ్చింది. ఒకరు తిప్పితే ఒకరు అందుకుని కట్టెల మీద ఆరేసేవాళ్ళు. ఒక్క ఇంటి పని కాదు, వీధిలో ఆడోళ్ళందరూ ఈ రోజు ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో. రంజాన్‌కు ముందు ముస్లింల ఇళ్ళల్లోనూ ఇదే సందడి, షీర్ ఖుర్మా కోసం.

వండేది కూడా పాస్తా మాదిరే. మరిగే నీళ్ళలో వేసి, ఉడకంగానే వార్చి, పైన నెయ్యి, బెల్లం పానకం. తీపి పాస్తానా అని నవ్వొద్దు. ఇటలీలో కూడా వందల ఏళ్ళు పాస్తా మీద చీజ్‌తో పాటు చక్కెర, దాల్చిన చెక్క చల్లుకుని తిన్నారు. టమాటా అమెరికా ఖండం నుంచి వచ్చింది కదా, ఇటలీ పుస్తకంలో టమాటా సాస్ మొదట కనపడింది 1690లలో. పాస్తాతో దానికి జత కుదరడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. మన మిరపకాయ కూడా అదే అమెరికా నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో దిగిందే.

మిరపకాయ అంటే ఇంకో మాట చెప్పాలి. మా వైపు పల్లెల నుంచి ఏటా ఎంతోమంది పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోతారు. ఇటలీ వాళ్ళూ పోయినారు. 1880 నుంచి 1914 లోపల కోటి మందికి పైగా ఇల్లు వదిలి అమెరికాకో, అర్జెంటీనాకో, యూరప్‌లో ఇంకో దేశానికో పోయినారు. ఎక్కువమంది పేదోళ్ళే. పాస్తాను ప్రపంచానికి పరిచయం చేసింది రాజులు కాదు, ఈ కూలీలే. తర్వాత ఇటలీ ఏం చేసిందంటే, ఆ తిండికి కొలతలు రాసి పెట్టుకుంది. వండిన తాల్యతెల్లె వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో బొలోన్యా వాణిజ్య మండలిలో నమోదు చేశారు, బంగారు నమూనాతో సహా. పాస్తా వత్తే ఆడవాళ్ళకు స్ఫోల్యీనె అని పేరుంది. అది గౌరవమైన వృత్తి.

మా అవ్వ చేసిన పనికి పేరు లేదు. కూలి లేదు. ఇంట్లో పని, అంతే.

హోటల్ నుంచి వచ్చినాక అవ్వకు ఫోన్ చేసి అడిగినా, సేరు పిండికి నీళ్ళు ఎన్ని పోస్తావు అని. "కొలత ఏంది నాయనా, పిండే చెప్తాది" అన్నింది. ఇప్పుడు ఆమెకు చెయ్యి పైకి లేవదు. మా అమ్మ ప్యాకెట్ సేమ్యా కొంటుంది, ఆమె తప్పేం లేదు, పొద్దున పనికి పోయి రాత్రికి వస్తుంది. మిషన్ మాత్రం అటక మీద ఉందంట.

ఉగాదికి ఊరికి పోతున్నా. మిషన్ దించి, రెండు కేజీల పిండి తెచ్చి, అవ్వను పక్కన కూచోబెట్టుకుని చేస్తా. ఆమె ఇంక చాలు అన్నప్పుడు నీళ్ళు ఎన్ని పట్టినాయో గ్లాసుతో కొలిచి రాసుకుంటా. చెడిపోయినా వీడియో పెడతా.

మీ ఊళ్ళో దీన్ని ఏమంటారు, ఎవరు చేస్తారు, ఎట్ల చేస్తారు? కింద రాయండి. రాసే ముందు ఇంట్లో పెద్దోళ్ళకు ఒక ఫోన్ కొట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.