ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఎంతసేపు?

1871లో మద్రాసు రైల్వే పట్టాలు ఆదోని మీదుగా రాయచూరు చేరి, బొంబాయి వైపు నుంచి వచ్చిన దారిని కలుసుకున్నాయి. మా ఎమ్మిగనూరుకు మాత్రం రైలు రాలేదు, నేటికీ లేదు. రెండూళ్లకూ మధ్య దూరం ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. మా తట్టు జనం తమ పొద్దును ఎలా లెక్కగట్టుకున్నారో ఈ ముప్పై కిలోమీటర్లలోనే తెలుస్తుంది.

బండ్ల కాలంలో ఎద్దులు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడిచేవి. అంటే పత్తి వేసుకుని ఆదోని పోవడానికి ఒక రాత్రి పట్టేది. ఆ రాత్రి దండగైందని ఎవరూ అనుకోలేదు. ఎండ తప్పేది, దారి ఎరిగిన ఎద్దులు నడుస్తుంటే బండిమీద కునుకు తీయొచ్చు. రైతును కుంగదీసింది ప్రయాణం కాదు, మండీ ముందు కాటా కోసం, ధర కోసం పడిగాపులు. నేను ఆదోని మండీలో గుమాస్తాగా పనిచేశాను. లాటు పోసి, ధర తేలక గోనెసంచి మీద కూర్చున్న మనిషి ముఖం నాకు బాగా తెలుసు.

నేతగానిది వేరే లెక్క. మగ్గం ఆగితే కూలి ఆగినట్టే. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు నేతగాళ్లకు అందిన మేలును రూపాయల్లోనే చెబుతారు. నూలు కోసం, నేసిన బట్ట అమ్ముకోవడం కోసం తిరిగే తిరుగుడు తగ్గడం కూడా అంత మేలే అంటాను.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, ఆదోని తాలూకా బళ్లారి జిల్లా నుంచి ఇటు వచ్చింది. అంతవరకు జిల్లా పనికి రైలెక్కి గుంతకల్లులో మారితే బళ్లారి. ఆ తర్వాత జిల్లా కేంద్రం కర్నూలు. అక్కడికి రైల్లో పోవాలంటే గుంతకల్లు, డోను చుట్టి రావాలి. దాంతో ఎమ్మిగనూరు, కోడుమూరు మీదుగా పోయే బస్సే అందరికీ దిక్కైంది. రైలు లేని ఊరు దారి మధ్యకొచ్చింది.

బస్సులో కూర్చున్న నిమిషం కంటే, దానికోసం నిలబడ్డ నిమిషాన్ని దాదాపు రెండింతల బరువుగా పట్టుకోవడం రవాణా లెక్కల్లో మామూలే. ఎమ్మిగనూరు బస్టాండులో ఎవరికైనా ఇది చెప్పనక్కర లేదు. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు పడుతుంది. సీటు దొరికాక బస్సు అర్ధగంట ఆలస్యంగా కదిలినా అంత గొడవ ఉండదు. షేర్ ఆటో గెలిచింది కూడా ఇక్కడే. అది బస్సుకంటే ముందు చేరుస్తుందని కాదు, చెయ్యెత్తగానే ఆగుతుందని జనం ఎక్కారు.

అయితే ఆ లెక్కల్లో ఒకటి నాకు మింగుడుపడదు. గంట విలువను చాలావరకు సంపాదనను బట్టే కడతారు. మా అమ్మ తెల్లవారుజాము నుంచి రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఆమె కండె అందించకపోతే నాయన చేతిలో నాడె ఆడదు. కూలి మాత్రం నాయన పేరునే పడేది. ఆ లెక్కన మా అమ్మ గంట విలువ సున్నా.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఆటోలను వదిలేసి బస్సుకోసం నిలబడ్డ ఆడవాళ్లను చూసి, వీళ్లకు పనేం ఉందిలే అనే మగవాళ్లున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ నిలబడ్డావిడ ఇంటి చాకిరీ ముగించుకుని వచ్చింది, పొద్దు వాలకముందే తిరిగి పోవాలి. ఆటో డబ్బులు మిగిలితే కూరగాయలొస్తాయని కాళ్లు నొప్పెట్టినా ఓర్చుకుంటోంది. టికెట్టు తీసేసినంత మాత్రాన ఆమెకు ప్రయాణం ఉచితం కాలేదు, ఖర్చు రూపాయల్లోంచి గంటల్లోకి మారింది. పొద్దున, సాయంత్రం ఈ దారిలో పల్లెవెలుగులు పెంచితే ఆ గంటలు కూడా మిగులుతాయి. ఎన్ని బస్సులు కావాలో తేల్చేటప్పుడు ఎక్కినవాళ్లతో పాటు నిలబడ్డవాళ్లనూ, వాళ్లు నిలబడ్డ సేపునూ లెక్కలో వేయాలి.