ఎకరంలో ఇంటి తిండి: పటాన్‌చెరు చుట్టుపక్కల భూమి కొనే ముందు తెలుసుకోవాల్సినవి

గల్ఫ్ నుంచి తిరిగి వచ్చాకో, ఫ్యాక్టరీ పని మానేశాకో ఒక ఎకరం కొని ఇంటి తిండి ఇంటి దగ్గరే పండించుకోవాలని అనుకుంటున్నారా? పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పరిసరాల్లో అయితే ధర కంటే ముందు నీరు చూడండి.

ఎందుకు జాగ్రత్త?

ఇక్కడి పరిశ్రమల వ్యర్థాలు ఏళ్ల తరబడి నక్కవాగులో కలిశాయి. ఆ వాగు మంజీరలో కలుస్తుంది. పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఉన్నట్లు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. ఈ ప్రాంతపు నేలల్లో భారలోహాలు ఉన్నట్లు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కూడా గుర్తించింది. నీటిని మరిగించినా, నేలకు పశువుల ఎరువు వేసినా ఈ లోహాలు పోవు.

కొనే ముందు

- వాగుకు, ఫ్యాక్టరీ కాలువకు దిగువన ఉన్న భూమి వద్దు.
- బోరు మోటారు అరగంట నడిపాక నీటి నమూనా తీయండి. ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత మరోసారి పరీక్ష చేయించండి.
- సాగునీటి లవణ సాంద్రత 0.7 డెసిసీమెన్‌ లోపు ఉంటే మంచిది. 3 దాటితే వదిలేయండి.
- తాగునీటిలో ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు.
- చేనులో 6 నుంచి 8 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, కలిపి, అరకిలో పంపండి. భూసార కార్డులో ఆర్సెనిక్, సీసం, క్రోమియం ఉండవు. వాటిని గుర్తింపు పొందిన ల్యాబ్‌లో విడిగా అడగండి.
- పట్టా వివరాలు భూ భారతిలో సరిచూసుకోండి. ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా నిబంధనలు ఒప్పుకోవు, వారసత్వంగా మాత్రం పొందవచ్చు. తిరిగి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాక కొనుక్కోవచ్చు.

40 గుంటల పంపకం

- ఇల్లు, కొట్టం, కోళ్ల గూడు, ఎరువు గుంత: 4
- నీటి కుంట: 2
- కూరగాయలు: 4
- మామిడి, నిమ్మ, మునగ, జామ: 6
- పశుగ్రాసం: 4
- జొన్న, కంది, చిరుధాన్యాలు: 20

వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద 800 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 60 వేల లీటర్లు పట్టుకోవచ్చు. బోరు నీరు అనుమానంగా ఉన్నచోట తాగడానికి, కూరగాయలకు ఇదే ఆధారం.

ఏం వేయాలి?

పటాన్‌చెరు నుంచి ముంబై రహదారి మీద సుమారు 70 కిలోమీటర్లు వెళితే జహీరాబాద్. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, పెసర, అనుము, నువ్వులు కలిపి వర్షాధారంగా పండిస్తాయి. విత్తనం కూడా సొంతంగా దాచుకుంటాయి. 2019లో వీరికి ఈక్వేటర్ బహుమతి దక్కింది. ఒక పంట పోయినా ఇంకొకటి చేతికి రావడమే ఈ పద్ధతిలో లాభం. మీరు జొన్న, కందితో మొదలుపెట్టండి. రెండు సాళ్లు జొన్నకు ఒక సాలు కంది వేయండి. గింజలు మీకు, చొప్ప పశువుకు, పేడ మళ్లీ చేనుకు.

లెక్క మరవకండి

నలుగురికి నెలకు 40 కిలోల గింజలు అనుకుంటే ఏడాదికి దాదాపు 5 క్వింటాళ్లు కావాలి. 20 గుంటల వర్షాధార చేను బాగా పండినా అందులో సగానికి మించి రావడం కష్టం. నూనె, ఉప్పు, మందులు, పిల్లల ఫీజులకు డబ్బు కూడా కావాలి. అందుకే మొదటి రెండేళ్లు ఉద్యోగం వదలకండి. కూరగాయలు, కోళ్లతో మొదలుపెట్టి, నీరు నమ్మకంగా ఉందని తేలాకే పశువును కొనండి.