ఐనవోలు మల్లికార్జునస్వామి ఆలయం

తెలంగాణలో మల్లన్న కొలువైన పెద్ద క్షేత్రాల్లో ఐనవోలు ఒకటి. వరంగల్ నగరానికి సమీపంలో, నేటి హనుమకొండ జిల్లాలో ఉంది. ఇక్కడి మల్లికార్జునస్వామి గొల్లకురుమలకు ఇంటి ఇలవేల్పు. అన్ని కులాలవారూ ఇక్కడ మొక్కులు చెల్లిస్తారు.

చరిత్ర

అయ్యనదేవుడనే మంత్రి ఈ గుడి కట్టించాడని, ఆయన పేరు మీదుగానే ఊరికి అయ్యనవోలు అనే పేరు వచ్చి, అదే ఐనవోలుగా మారిందని స్థానికుల నమ్మకం. 108 స్తంభాల మండపానికి ఆలయం ప్రసిద్ధి. ప్రాంగణంలోని రాతి తోరణాలు కాకతీయుల ఓరుగల్లు కోటలోని కీర్తితోరణాలను తలపిస్తాయి. మల్లన్నకే మైలారదేవుడని మరో పేరు. వినుకొండ వల్లభరాయుని శతాబ్దాల నాటి రచన ‘క్రీడాభిరామం’ ఓరుగల్లు వీధులను వర్ణిస్తూ మైలారదేవుని వీరభటుల సాహసాలనూ చెబుతుంది. ఈ నేలపై మల్లన్న కొలువు ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

పురాణగాథలు

మణి, మల్లుడు అనే రాక్షసులు మునులను బాధిస్తుంటే శివుడు మార్తాండ భైరవుడై వారిని సంహరించాడని పురాణగాథ. ఆ భైరవుడే మల్లన్న. మహారాష్ట్రలోని జేజూరిలో ఖండోబాగా, కర్ణాటకలో మైలారలింగనిగా పూజలందుకునేదీ ఈ స్వామే. ఒగ్గు అనే వాద్యంతో పాడే తెలంగాణ ఒగ్గు కథల్లో మాత్రం ఆయన మనుషుల మధ్య పుట్టి పెరిగినవాడు, మందల కాపరి. బలిజ మేడలమ్మను పెళ్లాడాడు, గొల్ల కేతమ్మనూ వరించాడు. గర్భాలయంలో ఖడ్గం, త్రిశూలం, డమరుకం, పానపాత్ర ధరించిన స్వామి భారీ విగ్రహానికి ఇరువైపులా ఈ దేవేరులిద్దరూ ఉంటారు. జేజూరిలోనూ ఖండోబాకు వర్తకుల ఆడపడుచు మ్హాళసా, గొర్రెల కాపరుల బిడ్డ బానాయి భార్యలు. వ్యాపారం చేసే ఇంటికీ, మంద మేపే ఇంటికీ ఒకే దేవుడు అల్లుడు కావడం ఈ గాథలన్నింటికీ ప్రాణం. మల్లన్న అందరివాడైంది ఈ చుట్టరికంతోనే.

ఆరాధన, జాతర

ఆలయంలో అర్చకుల నిత్యపూజలు సాగుతుండగానే, ఆవరణలో ఒగ్గు పూజారులు మొక్కుబడి పట్నాలు వేస్తారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడితో నేలపై పట్నం ముగ్గు పరిచి, ఒగ్గు, డోలు వాయిస్తూ స్వామి కల్యాణగాథ పాడతారు. శివుని డమరుకమే ఒగ్గు అని వారి విశ్వాసం. భక్తులు బోనాలు తెచ్చి నైవేద్యం పెడతారు, శివసత్తులనే స్త్రీ భక్తులు పూనకంతో ఆడతారు. పసుపు బండారిని ప్రసాదంగా నొసట పూసుకుంటారు. సంక్రాంతికి మొదలయ్యే జాతర ఉగాది వరకు సాగుతుంది. మహాశివరాత్రికి పెద్దపట్నం వేస్తారు.

ఒగ్గు కథ కళగా ఎదిగింది మల్లన్న, కురుమల దేవుడు బీరప్పల కొలువుల్లోనే. పూర్వపు వరంగల్ జిల్లాకు చెందిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. రాతి శిల్పం కాకతీయుల కాలపు వైభవాన్ని చూపుతుంటే, ఏ గ్రంథంలోనూ వెతకనక్కరలేని స్థలపురాణాన్ని ఒగ్గు పూజారులు తరతరాలుగా నోటితోనే నిలబెట్టుకొస్తున్నారు. ఐనవోలు విశిష్టత ఈ రెండూ ఒకే ప్రాంగణంలో బతికి ఉండటంలోనే ఉంది.