స్వెత్లానా: ఒక పేరు వెనుక చరిత్ర

తరగతిలో హాజరు పిలుస్తూ నేను "శ్వేతలానా" అన్నాను. వెనుక బల్ల మీది అమ్మాయి లేచి, "శ్వేత కాదు మాస్టారూ, స్వెత్లానా" అని దిద్దింది. ఆమె తాత సోవియట్ పుస్తకాలు చదివి మనవరాలికి ఆ పేరు పెట్టుకున్నాడట. నాయనమ్మ మాత్రం "సెత్లాన" అంటుందట. స్వర్ణను సొర్ణ చేసుకున్న నోటికి అది సహజమే. ఈ సంగతి విని తోటి వుపాధ్యాయులొకరు, "స్టాలిన్ కూతురి పేరేగా!" అని నవ్వి వూరుకున్నారు. ఆ నవ్వుకు సమాధానం చెప్పవలసి వున్నది.

స్టాలిన్ కుమార్తె పుట్టింది 1926లో. అప్పటికే ఈ పేరుకు నూరేళ్లు నిండాయి. ఇది పురాణాల నుంచి వచ్చింది కాదు, మతగ్రంథాల నుంచి వచ్చిందీ కాదు, కవులు కల్పించింది. 19వ శతాబ్దం ఆరంభంలో వొస్తోకోవ్ అనే కవి తన కావ్యంలో దీన్ని వాడాడు. 1813లో వెలువడిన జుకోవ్‌స్కీ గాథాకావ్యం "స్వెత్లానా" చదువుకున్నవారి ఇళ్లన్నిటికీ దీన్ని చేర్చింది. రష్యన్‌లో "స్వెత్" అంటే వెలుగు. మన సంస్కృత "శ్వేత" దానికి దూరపు చుట్టమే. అందుచేత నా పొరపాటు కూడా బొత్తిగా నిరాధారం కాదు! అయితే చుట్టరికం వేరు, వుచ్చారణ వేరు. రష్యన్లు వూనిక "లా" మీద వుంచుతారు. వూనిక లేని "వె" ఇంచుమించు "వి"గా తేలిపోతుంది. చివరి అచ్చును సాగదీయరు. "స్విత్‌లాన" అంటే అసలుకు దగ్గరగా వుంటుంది.

మరి ఇంత ప్రసిద్ధికెక్కిన పేరు ఆనాటి ఆడపిల్లలకు ఎందుకు దక్కలేదు? జారు పాలనలో పుట్టుకల నమోదు చర్చి చేతిలో వుండేది. పుణ్యపురుషుల పట్టికలో లేని పేరుతో జ్ఞానస్నానం జరిగేది కాదు. స్వెత్లానా అనే పుణ్యస్త్రీ ఎవరూ లేరు. కలిగినవారు బిడ్డను చర్చిలో ఫొతీనా అని రాయించుకుని, ఇంట్లో స్వెత్లానా అని పిలుచుకునేవారు. ఫొతీనా అన్నా గ్రీకులో వెలుగే. రైతు బిడ్డకు మాత్రం సాధారణంగా ఆ రోజుల పట్టికలో ఏ పేరుంటే అదే దక్కేది. పేర్లలోనూ వర్గభేదం పాటించేవారు. ఫ్యోక్లా వంటి గ్రీకు పేర్లు సామాన్యులలోనే వినబడతాయని పుష్కిన్ అంతటివాడు గమనించి రాశాడు. 1858లో జలప్రవేశం చేసిన యుద్ధనౌకకు స్వెత్లానా అని పేరు పెట్టారు. 1905లో త్సుషీమా వద్ద మునిగిన క్రూజరు పేరూ అదే. నౌకకు తగిన పేరు పసిబిడ్డకు తగకపోవడంలోని న్యాయమేమిటో ఆ ప్రభువులకే తెలియాలి!

1917 డిసెంబరులోను, 1918 ఆరంభంలోను వెలువడిన శాసనాలు పుట్టుకల నమోదును చర్చి నుంచి తప్పించి పౌర కార్యాలయాలకు అప్పగించాయి. పేరు పెట్టుకునే హక్కు తల్లిదండ్రుల చేతికి వచ్చింది. ఆ వుత్సాహంలో లెనిన్ పేరును తిరగవేసి "నినేల్" అన్నారు. అక్టోబరు విప్లవం పేరిట "అక్త్యాబ్రీనా" అన్నారు. వాటి జోరు కొంతకాలమే. స్వెత్లానా మాత్రం నిలిచింది, శతాబ్దం నడుమకు సోవియట్ దేశంలో అతి సామాన్యమైన పేర్లలో ఒకటైంది. నాయకుని కుమార్తె పేరు కావడం ఇందుకు తోడ్పడలేదని నేను బుకాయించను. కాని ఆ కారణమొక్కటే అయితే, 1967 మార్చిలో ఆమె ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించిన నాడే ఆ పేరు కళ తప్పి వుండాలి. అలా జరగలేదు. 1984లో అంతరిక్షంలో నౌక వెలుపలికి వచ్చి పనిచేసిన మొదటి మహిళ స్వెత్లానా సవీత్స్కయా. సోవియట్ జీవితపు గాయాలను సామాన్యుల నోటనే చెప్పించి 2015లో నోబెల్ బహుమతి పొందిన రచయిత్రి స్వెత్లానా అలెక్సీవిచ్. ఇద్దరూ 1948లోనే పుట్టారు. ఆ వ్యవస్థ కీర్తికి ఒకరు, దానిపై విమర్శకు మరొకరు గుర్తుగా నిలిచారు. పేరు ఇద్దరిదీ.

మన పల్లెల్లో కూలివాని పేరు చివర "గాడు" తగిలించి పిలిచిన దొరలను ఎరిగినవారికి ఈ చరిత్ర పరాయిది కాదు. మనిషి పేరు ఎవరి చేతిలో వున్నదన్నది చిన్న ప్రశ్న కాదు.

మర్నాడు హాజరు పిలిచేటప్పుడు "లా" మీద వూనిక వుంచి పలికాను. ఆ అమ్మాయి నవ్వి, "మా నాయనమ్మ మాటే నయం మాస్టారూ" అన్నది. నాకూ కాదనబుద్ధి కాలేదు.