బూట్ డిస్క్: పాత కంప్యూటర్‌ను తిరిగి నడిపించడం

ఐబీఎం సంస్థ 1981లో విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్ మీ ముందు ఉందనుకోండి. డ్రైవ్‌లో డిస్క్ పెట్టకుండా స్విచ్ వేస్తే, రోమ్ చిప్‌లో శాశ్వతంగా ఉన్న బేసిక్ భాష తెరమీదికి వస్తుంది. డాస్ మాత్రం రాదు. డాస్ ఫ్లాపీ డిస్క్‌లో ఫైళ్ల రూపంలో ఉంటుంది. ఫైళ్లను చదవడం యంత్రానికి నేర్పేది మళ్లీ ఆ డాసే. విత్తు ముందా, చెట్టు ముందా అన్న ఈ చిక్కును విప్పేదే బూట్ డిస్క్.

ఫ్లాపీ అనగానే మనకు ఫైళ్లు దాచుకొనే సాధనం గుర్తుకు వస్తుంది. చరిత్ర చూస్తే దాని పుట్టుకకు కారణం వేరు. సిస్టమ్/370 శ్రేణిలోని కంప్యూటర్లలో లోపలి నియంత్రణ సూచనలు, అంటే మైక్రోకోడ్, సెమీకండక్టర్ మెమరీలో ఉండేవి. విద్యుత్తు ఆగితే అవి చెరిగిపోతాయి. స్విచ్ వేసిన ప్రతిసారీ వాటిని మళ్లీ నింపడానికి ఒక చౌకైన సాధనం కావలసి వచ్చింది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఐబీఎం ఇంజనీర్లు ఇందుకోసమే 8 అంగుళాల ఫ్లాపీని రూపొందించారు. 1971లో వచ్చిన ఆ తొలి డ్రైవ్ చదవగలదు గాని రాయలేదు. అంటే, ఫ్లాపీ మొదట బూట్ డిస్క్‌గానే పుట్టింది. నిల్వ సాధనంగా మారడం తరువాతి సంగతి.

గారీ కిల్డాల్ 1974లో రూపొందించిన సీపీ/ఎం, 8 అంగుళాల డిస్క్‌లో మొదటి రెండు ట్రాకులను తనకోసం ప్రత్యేకించుకొంది. ఫైళ్ల జాబితాలో అవి కనిపించవు. ఐబీఎం పీసీలో ఈ చోటు ఒక్క సెక్టారుకు, అంటే 512 బైట్లకు, తగ్గింది. రోమ్‌లోని ప్రోగ్రాం ఆ సెక్టారును మెమరీలోకి తెచ్చి పగ్గాలు దానికి అప్పగిస్తుంది. అది ఐబీఎంబయో, ఐబీఎండాస్ అనే రెండు దాపు ఫైళ్లను తెస్తుంది. ఆ తరువాతే కమాండ్.కామ్ వస్తుంది.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. కాపీ ఆదేశంతో డాస్ డిస్క్‌లో కనిపించే ఫైళ్లన్నీ మరో డిస్క్‌కు ఎక్కించినా అది బూట్ కాదు. మొదటి సెక్టారు ఫైలు కాదు. దాపు ఫైళ్లు కాపీకి అందవు. అందుకే ఫార్మాట్ ఆదేశం చివర '/ఎస్' చేర్చాలి. అది చేర్చని డిస్క్‌తో ప్రారంభిస్తే, ఇది సిస్టమ్ డిస్క్ కాదు, మరొకటి పెట్టండి అన్న సందేశం వస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ సందేశాన్ని చూపేది కూడా అదే డిస్క్ మొదటి సెక్టారులోని ప్రోగ్రామే! డాస్ లేని డిస్క్‌లోనూ నడిచే ప్రోగ్రాం ఒకటి ఉంటుందన్నమాట. 1986లో లాహోర్‌లో పుట్టిన బ్రెయిన్ వైరస్ చేరింది సరిగ్గా ఈ చోటులోకే.

నేడు అలాంటి డిస్క్ తయారు చేయబోతే అసలు ఇబ్బంది ట్రాకుల వెడల్పుతో వస్తుంది. తొలి పీసీ డ్రైవ్‌లో 40 ట్రాకులు ఉండేవి. డిస్క్‌లో 160 కిలోబైట్లు పట్టేవి. రెండు వైపులా రాసే రకం వచ్చాక అది 320 అయింది, ఆ తరువాత 360కి పెరిగింది. 1984లో ఏటీ నమూనాతో వచ్చిన 1.2 మెగాబైట్ల డ్రైవ్ సన్నని ట్రాకులు రాస్తుంది. పాత డ్రైవ్‌లో రాసిన డిస్క్ మీద దీనితో తిరిగి రాస్తే పాత గీత అంచులు మిగిలిపోతాయి. పాత డ్రైవ్ తన వెడల్పు హెడ్‌తో రెండింటినీ కలిపి చదివి తడబడుతుంది. కాబట్టి ఎన్నడూ వాడని డిస్క్‌నో, అయస్కాంతంతో పూర్తిగా చెరిపిన డిస్క్‌నో తీసుకోవాలి. అది కూడా 360 కిలోబైట్ల రకమే కావాలి, 1.2 మెగాబైట్ల డిస్క్ అయస్కాంత పూత వేరు.

చెరపడానికి పాత పెట్టెలోంచి ఏదో ఒక డిస్క్ తీయకండి. దానిమీద ఒకప్పటి లెక్కలో, ఉత్తరాలో ఉండవచ్చు. ఒకసారి ఫ్లాపీ మీద కొత్తగా ఫార్మాట్ చేశారంటే పాత సమాచారం తిరిగి రాదు. ముందుగా దాని అంచున ఉన్న చదరపు గాటుపై చీటీ అంటించి, ఆ తరువాతే డ్రైవ్‌లో పెట్టి మొత్తం ప్రతిబింబాన్ని వేరొక కంప్యూటర్‌లోకి తీసుకోండి. గాటు మూసి ఉంటే డ్రైవ్ ఆ డిస్క్ మీద రాయదు. అప్పట్లో అమ్మకానికి వచ్చిన సాఫ్ట్‌వేర్ డిస్కుల్లో చాలావాటికి అసలు గాటే ఉండేది కాదు.